కాటా మూగబోయిన పూట

ఫయాల్ నుంచి అరగంట పడవ.
పికో దీవి రేవులో దిగేసరికి
పెదాల మీద ఉప్పు,
సంచిలో లాప్‌టాప్,
లోపల ఎక్కడో చిన్న సిగ్గు.
మొన్ననే కదా, ఫైర్‌వాల్ పెట్టి
"ఇక ఢోకా లేదు" అని చెప్పి వెళ్లింది.

రేపు ద్రాక్ష కోత.
సహకార సంఘం కాటా
బుట్ట పెట్టగానే అంకె చూపించి
అంతలోనే గీతలు గీస్తోంది.
"ఇరియా వస్తే చాలు, మూగబోతుంది"
అన్నాడు తూకం చూసే జెఫెరీనో.
ఆయన మనవరాలే ఆ పిల్ల,
మధ్యాహ్నం సూపు గిన్నె తెస్తుంది.
దాని అడుగు అలాంటిదని నవ్వారు కూలీలు.
ఆ పిల్ల నవ్వలేదు.

మొన్నటి గొడవ వేరు.
టెలిఫోన్ కంపెనీ మోడెమ్ చిరునామా
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఒకటి.
నా కొత్త రౌటర్ కూడా
పెట్టెలోంచి అదే చెప్పుకుంటూ లేచింది.
వీధి గుమ్మం, పెరటి గుమ్మం
ఒకే నంబరు పలికితే
ఉత్తరం ఎటు పోతుంది?
గడప మీదే గిరగిరా తిరిగింది.
లోపలివాళ్లను కదపడం ఎందుకని
మోడెమ్ అంకె మార్చాను.
పచ్చలైటు వెలిగింది.
చివరి పడవ అందుకున్నాను.

ఈసారి ఏమీ ముట్టుకోలేదు.
సూపు వచ్చేదాకా కూర్చున్నాను.
పన్నెండుంపావుకి తలుపు తెరుచుకుంది.
కాటా మీద గీతలు.

"యాభై ఏడు ఎవరు?"
నెట్‌వర్క్ అంతా వినేలా కేకేశాను.
ఇద్దరు పలికారు.
ఒకటి కాటా.
ఇంకొకటి ఇరియా జేబులోంచి.

కాటాను పక్కకి వంచితే
అడుగున తుప్పు, ఎండిన తొక్కలు,
పెన్సిలుతో రాసిన కాగితం ముక్క:
"యాభై ఏడు. కదపొద్దు. అమిల్కార్."
అమిల్కార్ ఎవరని అడిగితే
పద్నాలుగేళ్ల కిందటి మనిషన్నారు.
ఆ మాట ఇంకెక్కడా రాసిపెట్టలేదు.
నా రౌటర్‌కి ఎలా తెలుస్తుంది?
ఖాళీ కుర్చీ అనుకుని
వచ్చిన పిల్లకి చూపించింది.

జెఫెరీనో నన్ను బయటికి లాక్కెళ్లాడు.
కొండ దాకా నల్లరాతి గోడలు,
గోడకీ గోడకీ మధ్య
నాలుగైదు తీగలకు సరిపడా చోటు.
"సందులు చూశావా?
సున్నం మెత్తితే మొదటి తుఫానుకే పడతాయి.
ఉప్పు ఆగాలి. గాలి పోవాలి.
ప్రతి మడికీ మా నాన్న పేరు పెట్టాడు.
ఒక్కసారి పొరపాటున
రెండింటికి ఒకే పేరు పెట్టాడు.
నేనూ మా అన్నా పదకొండేళ్లు మాట్లాడుకోలేదు."

తిరిగొచ్చి
వంద లోపు చిరునామాలు
ఇంటివాళ్లకని కట్టేశాను.
వచ్చేపోయేవాళ్లు వంద పైన.
అమిల్కార్ మాటను
శుభ్రంగా మళ్లీ రాసి
గోడకి అంటించాను.

ఇరియా ఫోను చూసుకుంది.
"నూట పన్నెండు. ఇది నాదేనా?
నా ఒక్కదానిదేనా?"
"రేపు ఈ వేళ దాకా.
తర్వాత మళ్లీ అడగాలి."
"అడగకపోతే?"
"అదే అడుగుతుంది, నీకు తెలియకుండా."

కాసేపు ఆలోచించింది.
కూలీలందరూ చూస్తుండగా
సూపు గిన్నె ఎత్తి కాటా మీద పెట్టి
ఫోను పక్కనే ఆనించి
చేతులు కట్టుకుని నిలబడింది.

మూడు కిలోల నాలుగు వందలు.
సూపు చల్లారిపోయింది.
అంకె కదల్లేదు.