బల్ల

ఇంటిపేరు పెమ్మాడి, పేరు పోతురాజు.
రెండింటికీ మొదట ప.
పెదాలు మూసుకుంటాయి, తెరుచుకోవు.
యానాం బడిలో హాజరు పిలిస్తే
వెనక బెంచీ నాకంటే ముందే అందుకునేది
ప ప ప ప అని, ఇంజను బోటులా.

ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడికి
యాభై రెండేళ్లకి ఫ్రెంచి ఎందుకురా, అన్నాడు మా బావ.
ఎస్తేరు గారి వరండాలో ఫ్యానుందని చెప్పాను.
అది చెప్పడానికే చాలాసేపు పట్టింది.

జె మపెల్, అనమన్నారావిడ మొదటిరోజు.
అందులోనూ ఓ ప ఉంది, మధ్యలో నక్కి.
అడ్డం రాలేదు.
ఆ జారుడులోనే నా పేరూ జారిపోయింది,
పెమ్మాడి పోతురాజు,
ఎక్కడా ఆగకుండా.
ఆవిడ గమనించలేదు.
"ర ఇంకా గొంతులోంచి రావాలి" అన్నారు.

గౌతమి గట్టు మీద సైకిలు ఆపి
చాలాసేపు నిలబడిపోయాను.
ఆ భాషలో నన్నింతవరకూ ఎవరూ వెక్కిరించలేదు.
ఆ భాషలో నాకు బడి లేదు, వెనక బెంచీ లేదు.
తడబడినా అది కొత్తవాడి తడబాటే,
నత్తోడిది కాదు.

ఫ్రెంచి ఇంకా రాదండి నాకు.
చేపల పేర్లు ఓ పదిహేను,
వానొచ్చేలా ఉంది అనడం, అంతే.

నిన్న కరెంటాఫీసు కిటికీలోంచి
"పేరు?" అన్నాడు కుర్రాడు.
నా వెనక పదిమంది.
పడవకీ ఒడ్డుకీ మధ్య బల్ల వేసినట్టు
పెదాలు కదలకుండా, లోపల్లోపలే,
జె మపెల్ అనుకుని
దాని మీద నడిచొచ్చేశాను.

ఒత్తు లేకుండా రాసుకున్నాడు.
"పెమ్మాడి బాబూ, మ కింద మ" అని
అవసరం లేకపోయినా
రెండుసార్లు చెప్పాను.