బరువు మీద తిరిగేది

నవంబరు. అబెర్‌దారోన్‌లో నాలుగింటికే చీకటి.
మెరెరిద్ దుకాణం తలుపు తోస్తే
ముందు ఎరపాముల వాసన,
తర్వాత రేడియోలో ఓడలకి చెప్పే గాలి కబుర్లు,
ఆ తర్వాత ఆమె:
"ఏం తెగింది?"

ఏం కావాలి అని అడగదు.

అరచెయ్యి చాపాను.
అందులో సగం స్వివెల్,
కన్ను సాగిపోయిన గోరంత ఇత్తడి.

రెండో సగం సముద్రంలో పడుంటే
ఇంత సిగ్గు ఉండేది కాదు.
గాలపు కర్ర విసురు మధ్యలో అది విడిపోయి
నూటయాభై గ్రాముల సీసాన్ని వెంటేసుకుని
పక్కకి,
టెగిడ్ ఫ్లాస్కు మూత తిప్పుకుంటున్న వైపు పోయింది.

ఫ్లాస్కు పగిలింది.
టెగిడ్ పగల్లేదు.
ఇసుక మీద టీ పొగలు కక్కుతూ ఇంకుతోంటే
ఇద్దరం దానివైపే చూస్తూ నిలబడ్డాం.
"ఎంతకి కొన్నావు?" అన్నాడు చాలాసేపటికి.
"రెండు పౌన్లకి యాభై."
వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.
"అంటే నా తల నాలుగు పెన్నీలు."

మెరెరిద్ ఇది విని నవ్వలేదు.
గల్లా కింద నుంచి ఒక పొట్లం తీసింది.
నల్లటివి. మెరుపు లేదు.
నా పాతవన్నీ తళతళలే,
పైన పటారం, లోన లొటారం.

పదింటిలో ఒకదాన్ని బలి ఇస్తుందామె, ప్రతి పొట్లానికీ.
తలుపు మేకుకి తగిలించి,
కింద గొర్రెపిల్లల్ని తూచే కాటా కట్టి,
కాటాకి తన రెండు చేతులూ, ఆపైన ఒళ్లంతా.
"ఇప్పుడు తిప్పు."
తిప్పాను. తిరిగింది.
"ఖాళీగా ఉన్నప్పుడు ఏదైనా తిరుగుతుంది పిల్లా.
బరువు మీద తిరగాలి."
నాకు యాభై మూడేళ్లు.
పిల్లా అని పిలిచేవాళ్లు ఇక ఆమె ఒక్కతే.

గోటితో కన్ను అంచు తడమమంది,
గరుకు తగిలితే ముడిని నమిలేస్తుందట.
నాలుగో నంబరు తీసుకోమంది.
నంబరు పెరిగేకొద్దీ స్వివెల్ చిన్నదవడం
నాకెప్పటికీ తికమకే.
పెద్దది కొంటే నిశ్చింత కదా అంటే
"ఆ బరువుకి నీ ఎర ఎగరదు, మునుగుతుంది" అంది.
పొట్లం మీద నలభై కిలోలని రాసుంది.
అది చదివి, కళ్లజోడు తీసేసి,
"ముప్ఫై అనుకో" అంది.

ఆ శనివారం పోటు రాత్రి తొమ్మిదికి.
పోర్త్ నైగ్ల్ తెల్లగా అరుస్తోంది.
నాకు వంద గజాల దూరంలో టెగిడ్,
నెత్తిన మోటారుసైకిలు హెల్మెట్.
ఏమీ అనలేదు. చెయ్యి ఊపాడంతే.

మొదట పడ్డవన్నీ కుక్కచేపలు.
పైకి లాగుతుంటే ఒళ్లు చుట్టుకుని చుట్టుకుని
దారానికి పురి ఎక్కించే రకం.
వెనకటికి ఇంటికెళ్లి
వంటింట్లో అర్ధరాత్రి దాకా ఆ చిక్కులే విప్పేదాన్ని,
బడి బస్సు నడిపి నడిపి మొద్దుబారిన వేళ్లతో.
ఈసారి వాటి పురి వాటి దగ్గరే ఆగింది.

పదకొండున్నరకి కర్ర వంగి, ఇక లేవలేదు.
తిరుకు చేప.
తడి తలుపుని అలల అడుగున ఈడ్చినట్టు.
అది ఇసుకకి అతుక్కుంది, నేను మడమలు పాతాను.
మధ్యలో ఎక్కడో, కనపడకుండా,
నాలుగో నంబరు నల్లటిది.

ఒడ్డుకొచ్చాక చేపని చూడలేదు ముందు.
దీపం దగ్గరగా పెట్టి దాన్ని చూశాను.
కన్ను గుండ్రంగానే ఉంది.

కొక్కెం విప్పి, తిరుకుని రెక్కలు పట్టి నీళ్లలోకి దింపాను.
వెనక్కొస్తే
కర్రకి వేలాడుతున్న సీసం గాలికి తిరుగుతోంది.
దాని పైన స్వివెల్.
స్వివెల్ పైన దారం, కదలకుండా.

"తెగిందా?" అని అరిచాడు టెగిడ్,
ఒక చెయ్యి హెల్మెట్ మీద పెట్టుకుని.