హార్డ్‌లీ

నరసాపురంలో, ఎరువుల కొట్టు మీద గది.
యూరియా వాసన మెట్లెక్కి వచ్చి
రోజూ ముందు బెంచీలో కూర్చుంటుంది.
సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర, కరెంటుంటే.

ఆ రోజు బోర్డు మీద నిచ్చెన గీశాను.
అట్టడుగున నాటెటాల్.
దాని మీద బేర్లీ,
ఆ పైన ఫెయిర్లీ వెల్, క్వైట్ వెల్,
చిటారున ఎక్స్‌ట్రీమ్‌లీ వెల్.
సుద్ద అరిగిపోయి గోరు గీరుకుంది.
"ఎవరికి ఏది ఎంత వచ్చో
ఆ మెట్టు మీద నిలబడి చెప్పండి" అన్నాను.

రొయ్యల మేత కంపెనీ కుర్రాడు ప్రణీత్
లేస్తూనే చిటారు మెట్టెక్కేశాడు:
ఐ కెన్ స్విమ్ ఎక్స్‌ట్రీమ్‌లీ వెల్.
వాడు ఈదింది నాలుగడుగుల చెరువులో,
ఏరియేటర్ తాడు వదలకుండా.
వ్యాకరణంలో తప్పు లేదు. మార్కు వేశాను.

తర్వాత కొల్లాటి బంగారయ్య.
పంటు మీద సరంగు, యాభై నాలుగేళ్లు.
లైసెన్సు పరీక్షలో ఇంగ్లీషు ముక్కలు అడుగుతారని
ఎవరో చెబితే చేరాడు.
వరద ఏడు, అర్ధరాత్రి, తాడు తెగిన నావ కోసం
వశిష్ఠలో దూకి
తెల్లారి మూడు మైళ్ల కింద
నావతో సహా ఒడ్డెక్కిన మనిషి.
ఊరు చెప్పే మాట ఇది. ఆయన చెప్పడు.
బోర్డు వంక కింద నుంచి పైకి చూశాడు,
మళ్లీ పై నుంచి కిందికి.
"ఏదో... వచ్చండి."
"ఏ మెట్టు బాబాయ్?"
"ఏదో అనే మెట్టు తమరు గీయలేదు కదండి, ఆయ్."

నిజమే, గీయలేదు.
ఇంగ్లీషులో మనిషి ముందు నిలబడి కెన్ అంటాడు,
చేవంతా తన జేబులోనే ఉన్నట్టు.
మనకో, ఈత వస్తుంది, వంట వస్తుంది, పద్దు రాయడం వస్తుంది,
ఎక్కడినుంచో, చుట్టంలా,
దాని వీలు చూసుకుని.
రాకపోతే రాదు. కబురు పెట్టి ఊరుకుంటాం.

నేతల సువార్త కళ్లజోడు సర్దుకుని లేచింది.
లేసు అల్లుతుంది. వాళ్ల షెడ్డుకి
విదేశీ కొనుగోలుదార్లు వస్తారట వచ్చే నెల.
"సార్, ఐ వర్క్ హార్డ్‌లీ."

నవ్వాను.
నేనొక్కణ్ణే నవ్వాను.
తరగతిలో ఇంకెవరికీ నవ్వెందుకో తెలియలేదు,
అది నా నవ్వుకి శిక్ష.
హార్డ్ అంటే ఒళ్లు వంచి, అని చెప్పాను,
లీ తగిలితే చేసీ చేయనట్టు.

తన వేళ్ల వంక చూసుకుంది.
"నాలుగింటికి లేస్తానండి. పిల్లాడికి క్యారేజీ కట్టాక
దీపాలు పెట్టేదాకా సూది దించను.
ఒక్క బల్లగుడ్డకి మూడు వేల ముళ్లు.
ఒక్కక్షరం తగిలిస్తే అంతా పోద్దా సార్?"
"పోద్దమ్మా."
"మా ఏజెంటు లెక్కల్లోనూ అంతేనండి.
ఒక్క సున్నా."

నన్ను కూడా అడిగారొకసారి, భీమవరం కాలేజీలో,
ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడగలరని.
ఫ్లూయెంట్లీ అందామనుకున్నాను.
ఫ్లూ దగ్గరే నాలుక ఇసుక మేట వేసింది.
అలా దొరికింది నాకు ఈ ఎరువుల కొట్టు మీది గది.

ఆ రాత్రి సఖినేటిపల్లికి ఆఖరి పంటు.
మంచు. అవతలి రేవు లైటు లేదు, ఇవతలిదీ లేదు.
ముందు కుర్రాడు గెడ వేసి లోతు అరుస్తున్నాడు.
మోటారు సైకిళ్ల మధ్య, కొబ్బరికాయల బస్తాల మధ్య
నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఈత నాటెటాల్.

బంగారయ్య చుక్కాని దగ్గర, చూపు తిప్పకుండా:
"సార్, బేర్లీ అంటే అంచు మీద పడీ పడనట్టా అండి?"
"అంతే. కొద్దిలో గట్టెక్కడం."
కాసేపు ఇంజను చప్పుడు.
"అయితే ముప్పై ఏళ్ల నుంచి
నాకొచ్చింది అదేనండి."

ఇనుప రేకు సిమెంటుకి ఒరుసుకుని ఆగింది.
ఏ మెట్టో ఆలోచిస్తున్నాను.
మోటారు సైకిళ్లన్నీ ఒక్కసారే స్టార్టయ్యాయి.