అర క్షణం

కనిగిరి రిజర్వాయరు కట్ట మీద
మూడో తూము పక్కన రెండు రాళ్ళు, మా ఇద్దరివీ.
వాటి మీద పేర్లు లేవు గానీ
ఇంకెవరన్నా కూర్చుంటే ఇద్దరం కలిసి తిడతాం,
మిగతా రోజంతా ఒకరినొకరం.

కాలేషా బుచ్చిలో గడియారాలు బాగుచేస్తాడు.
నేను కరెంటాఫీసులో బిల్లులు కొట్టి రిటైరయినోణ్ణి.
పదిహేడేళ్ళ ఆదివారాలు
తూము గోడ మీద బొగ్గు గీతలుగా ఉండాయి:
అటు వాడివి, ఇటు నావి.
కిలో దాటందే గీత లేదు.
బొచ్చెకి నిలువు గీత, శీలావతికి అడ్డగీత,
ఎర్రమోసుకి చుక్క.
నాకు బంగారుతీగ పడితే మాత్రం
"అది పరాయి చేపబ్బయా, లెక్కలోకి రాదు" అంటాడు.
వాడికి పడినప్పుడు వస్తుంది.

ఎర సంగతి అడగొద్దు.
నాది తవుడూ, శెనగచెక్కా, చద్ది మొలగొలుకుల అన్నం.
వాడిది హార్లిక్స్ సీసాలో నల్లటి ముద్ద.
మూత తీసేటప్పుడు నాకు వీపు తిప్పుతాడు.
వాసన వీపు తిప్పదు గదా:
సోంపు, కొంచెం మెంతి, ఇంకేందో.
ఆ ఇంకేందో కోసమే పదిహేడేళ్ళు.

టీ మాత్రం వాడి ఫ్లాస్కులోదే.
నా దారం తెగితే వాడి చుట్టలోంచే బారెడు.
మా ఆవిడ జొరంతో పడుకున్న నెల
వాడు పట్టిందంతా మా ఇంటికే వచ్చింది,
గీతలు మాత్రం వాడి వైపే పడ్డాయి.

పోయిన కార్తీకంలో కనిపెట్టాను.
వాడి బెండు మునిగింది, లేచింది, మళ్ళీ మునిగింది.
వాడు నవ్వుతా చూస్తానే ఉండాడు,
బెండు లేని వైపు.
అంతకు ముందు వారమే నా వాచీకి
ముల్లు తిరగేసి బిగించాడు.
నేనేమీ అనలా.
"ఇప్పుడు" అన్నా.
లాగాడు. రెండున్నర కిలోల శీలావతి.
వాడూ ఏమీ అనలా.

అట్టా మూడు నెలలు
వాడి కళ్ళు నా నోట్లో ఉండాయి.

మాఘంలో ఒక పొద్దున,
లెక్కలో వాడు నా కంటే రెండు గీతలు ఎక్కువ.
వాడి బెండు మునగలా, పక్కకి నడిచింది.
పెద్ద బొచ్చె తప్ప ఇంకేదీ అట్టా నడిపించదు.
"ఇప్పుడు" నా నాలుక మీద ఉంది.
దాన్ని అక్కడే ఉంచా.
అర క్షణం. అంతే.
తర్వాత అన్నా, కావలసిన దాని కంటే గట్టిగా.
ఖాళీ గాలం పైకొచ్చి ఎండలో ఊగింది.
కాలేషా దాన్ని వేళ్ళతో తడిమి,
ఆగిన గడియారాన్ని చెవికి ఆనించుకున్నట్టు తల వాల్చి
"స్లోగా ఉంది" అన్నాడు.
దారం సంగతి అనుకున్నట్టు నటించా.

నెల్లూరు బస్సు నేనే ఎక్కించా, ఆపరేషనుకి.
లోపలికి పోతా పర్సూ ఉంగరమూ నా చేతికిచ్చాడు.
సీసా మాత్రం ఇంట్లో పెట్టి
తాళం వేసొచ్చాడు.

నలభై రోజులకి నల్లద్దాలతో కట్టెక్కాడు.
ముందు గోడ దగ్గరికే పోయాడు.
వాడికి కనపడని కాలమంతా నేనొక్కణ్ణే గీసిన లెక్కని
వేలు పెట్టి చదివాడు, అటూ ఇటూ, రెండుసార్లు.
ఒక్క గీతా తప్పు లేదు.
అందుకే ఎక్కువ సిగ్గేసింది.

కూర్చున్నాం. టీ పోసిచ్చాడు.
కలుజు మీద ఎండ నా కళ్ళలో కొడతా ఉంది,
నా బెండు నాకే సరిగ్గా ఆనడం లేదు.
వాడేమో చెరువంతా ఇప్పుడే కొన్నోడిలా చూస్తన్నాడు.
నేను గ్లాసులోకి ఊదుకుంటుంటే
"ఇప్పుడు!" అన్నాడు.

లాగా.
ఖాళీ గాలం. టీ అంతా నా పంచె మీద.

కాలేషా అద్దాలు తీసి, చొక్కా కొసతో తుడుచుకుంటా
నా మొహంలోకి చూడకుండా అన్నాడు:
"సరిపోయింది. ఇప్పుడు రెండు గడియారాలూ ఒకే టైము."

ఒక నిమిషం నీళ్ళ చప్పుడే.

"ఇంతకీ ఏం చేప?" అన్నా.

"బంగారుతీగ లేబ్బయా,
లెక్కలోకి రాదు."