ఎడంచేతి కోత

మా దీవుల్లో కాడ్ చేప నాలుక కోయడం పిల్లల పని.
పెద్దలకి మొండెం, మాకు తల.
ఇనుప మేకుకి దవడ గుచ్చి కిందికి లాగితే
నోరు దానంతటదే తెరుచుకుంటుంది.
ఒక్క వేటు.
నాలుక తొట్టెలోకి, తల కుప్పలోకి.
చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. పోనీ.
కిలోకి ఇంత అని డబ్బులిస్తారు.

నాకు డబ్బు అక్కర్లేదు.
ఆ రేవుకి మేస్త్రీ హాల్వర్ మా నాన్న.
తక్కెడ ముల్లుని చూసినంత శ్రద్ధగా
నన్నెప్పుడూ చూడలేదు.
అన్న సముద్రంలో పోయాక
భోజనాల దగ్గర ఆయన చూపు వాడి కుర్చీ మీదే.
పక్క కుర్చీలో నేనుండేదాన్ని.

యోవ్నా కొండల అవతలి నుంచి వచ్చాడు,
రెయిన్‌డీర్లు మేపే సామీ వాళ్ల పిల్లాడు.
బళ్లో వాడి భాష మాట్లాడితే బెత్తం.
అందుకే మేకుల వెనక, గుసగుసగా, నాతోనే మాట్లాడేవాడు.
సగం అర్థమయ్యేది. మిగతా సగానికి నవ్వేదాన్ని.
నా చేతితొడుగులు తడిస్తే తనవి విప్పిచ్చి
ఉత్త చేతుల్తో కోసేవాడు. ఎడంచేతివాటం.
కత్తి చేపని అడిగి కోసినట్టుండేది.
నావి మూడు తలలయ్యేలోపు వాడివి ఐదు.

ఆ ఏడు ఆఖరి రోజున
ఎక్కువ కోసినవాళ్లకి అన్న కత్తి ఇస్తానన్నాడు నాన్న.
బిర్చి చెక్క పిడి. దాని మీద
అన్న పసితనంలో కొరికిన పళ్లగాట్లు.
ఆ గాట్లు కొండలు దాటి వెళ్లిపోతాయా?

రాత్రి లాంతరు తీసుకోలేదు,
మంచు వెలుగే చాలింది.
తొట్టెలకి పేర్ల చెక్కలు తాడుతో కట్టి ఉంటాయి.
రెండు ముడులు విప్పాను, రెండు ముడులు వేశాను.
ముడులు బాగా వేస్తానని ఎవరూ మెచ్చుకోలేదు అంతవరకూ.

పొద్దున తక్కెడ.
నా పేరున నలభై ఆరు కిలోలు, వాడి పేరున ఇరవై తొమ్మిది.
యోవ్నా ముందు చెక్కని చూశాడు, తర్వాత నన్ను.
బడి భాషలో, తడుముకుంటూ,
"ఆ తొట్టె నాది" అన్నాడు.
రేవంతా ఆగింది. గొట్టంలో నీళ్లు మాత్రం పోతున్నాయి.
నాన్న నావైపు తిరిగాడు.
"ఎవరిది?"

నాలుకకి నరం లేదంటారు.
ఆ శీతాకాలం నేను కోసినవి పదివేలు దాటి ఉంటాయి,
ఒక్కదాంట్లోనూ కత్తికి నరం తగల్లేదు.
"నాదే" అన్నాను.
"రాత్రి వాడు చెక్కలు మార్చబోతుంటే చూశాను."
రెండో మాట నన్నెవరూ అడగలేదు.

నాన్న చెయ్యి నా తల మీద పడింది.
ఉప్పు, పొలుసులు, బరువు.
మెడ వంగిపోయింది; దాన్నే ఆనందమనుకున్నాను.
వంగిన మెడతో చూస్తే
గుమ్మం దాటుతున్న బూట్లు కనపడ్డాయి.
పరుగెత్తలేదు. వెనక్కి తిరగలేదు.
వాడి చేతితొడుగులు నా జేబులో ఉన్నాయి,
అవైనా అడగలేదు.

పదకొండేళ్ల తర్వాత ఒక సాయంత్రం
వలకి చిక్కులు తీస్తూ నాన్న,
రేపు గాలి ఎటు వీస్తుందో చెప్పినట్టు,
"ఎడంచేతి కోత ఏటవాలుగా వస్తుంది" అన్నాడు.
"ఆ తొట్టెలో అన్నీ ఏటవాలే."
అని, ఇంకో చిక్కు తీశాడు.

మరి ఆ రోజు ఆ చెయ్యి ఎందుకు పెట్టావు,
నాలుకలకా? అబద్ధానికా?
కొరికిన కత్తి ఇల్లు దాటలేదనా?
అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు.
ఆ తర్వాత అడగడానికి నాన్న లేడు.

కత్తి వంటింట్లో ఉంది. రొట్టె కోస్తాను.
ఆ పళ్లగాట్లలో నా వేళ్లు ఏనాడూ ఇమడలేదు.
ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు
ఎడంచేత్తో పట్టుకుని చూస్తాను.
వంకరగా తెగుతుంది రొట్టె.
ఆ ముక్కే ముందు తింటాను.