చెవి వెనక జిగురు

చీమకుర్తిలో పద్నాలుగేళ్లుగా
రాయి కోసే మిషను పక్కన నిలబడ్డ గొంతు నాది.
అన్నం పెట్టమన్నా తగువాడినట్టుంటుందని
మా అమ్మ మాబున్ని విసుక్కుంటుంది.
ఆ గొంతుకి పరిగెత్తుకొచ్చేది ఇంట్లో ఒక్కతే,
రెండున్నరేళ్ల రిజ్వాన.
వాళ్లమ్మ పిలిస్తే తిరగదు.
నేను పిలిస్తే తిరుగుతుంది.
నాన్నకూచి అన్నారు అందరూ. నేనూ పొంగిపోయా.

ఒంగోల్లో చెవి డాక్టరమ్మ
మందులచీటీ వెనక బొమ్మ గీసి చూపించింది.
ముక్కు వెనక కండ పెరిగి దారి మూసిందట,
కర్ణభేరి వెనక జిగురు నిలిచిందట.
కండ తీసేసి, జిగురు లాగేసి,
బియ్యపుగింజంత గొట్టాలు పెడతారట,
ఏడాదికి వాటంతటవే రాలిపోతాయట.
"మీ గొంతు పెద్దది కదా,
అందుకే మీ మాట ఒక్కటే వినపడింది."
నా గర్వం
బస్టాండు దాకా కూడా నాతో రాలేదు.

తెల్లవారుజామున రెండు దాటితే పాలివ్వద్దన్నారు.
పాలసీసా ఎక్కడుంటుందో తెలిసిన పిల్లకి
ఆ సంగతి ఎట్ల చెప్పాలో చెప్పలేదు.
షాహిన సీసాని బీరువాలో పెట్టి
తాళంచెవి నా చేతికిచ్చింది,
తనని తను నమ్మలేక.
ఐదింటికి ఆసుపత్రి ముందు, కర్నూలు రోడ్డు మీద
భుజాన వేసుకుని తిప్పా.
రాళ్ల లారీలు లెక్కపెట్టించా.
నాలుగు దాకా వచ్చు ఆమెకి.
నాలుగో లారీ తర్వాత ప్రతిసారీ "పాలు."

ఆకుపచ్చ గౌను మడమల దాకా జారింది.
కళ్లు తేలేస్తుంది, కాళ్లు విదిలిస్తుంది,
భయపడొద్దని మత్తు డాక్టరు ముందే చెప్పాడు.
ముందే చెబితే మాత్రం
ఒళ్లో పిల్ల ఉన్నట్టుండి బరువెక్కడం
ఎవరికి అలవాటవుతుంది?
నా చూపుడువేలు పట్టుకున్న పిడికిలి
చిటికెనవేలు దగ్గర్నుంచి వదులయింది.

ఇరవై నిమిషాలు. టీ తాగి రమ్మన్నారు.
టీ వచ్చింది, మీగడ కట్టింది.
షాహిన ఒళ్లో పాప చెప్పులున్నాయి,
అడుగేస్తే కుయ్యిమనే చెప్పులు.
బొటనవేలు వాటి మీదే ఉంది. నొక్కలేదు.

ఎంతమంది చెప్పినా సరిగా అర్థంకానిది ఇదొకటి:
మత్తు దిగేటప్పుడు పిల్ల మన పిల్ల కాదు.
విల్లులా వంగింది, అమ్మ మొహం మీద కొట్టింది,
ముక్కులోంచి నెత్తుటి తీగ ఒకటి
నా చొక్కా మీదకి సాగింది.
అమ్మని చూస్తూనే "అమ్మా" అని అరిచింది.
"అరగంట ఓర్చుకోండన్నా" అంది గ్రేసు సిస్టరు,
దుప్పటి మడత పెడుతూ, మడత ఆపకుండా.
నలభై నిమిషాలు పట్టింది.
ఒకసారి నల్లగా కక్కుకుని పడుకుంది.
లేచాక ఐస్‌క్రీం రెండు స్పూన్లు తిని
మూడోది అమ్మ నోట్లో పెట్టింది.
అప్పుడేడ్చింది షాహిన.

ఇంటికొచ్చిన రాత్రి గురక లేదు.
ఆ గురకని తిట్టుకుంటూ పెంచినవాళ్లం,
ఒకరికి తెలియకుండా ఒకరం లేచి
ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాం.
వెచ్చగానే ఉంది.
వారం దాకా నోరు వాసనొస్తే కంగారు పడొద్దు.
తలస్నానానికి చెవుల్లో వ్యాసలైను దూది పెట్టండి.
ఈ రెండూ నేనిప్పుడు
అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటా.

నాలుగో రోజు చెప్పులేసుకుంది.
కుయ్.
ఆగింది. కాలెత్తి కిందకి చూసింది,
కోడిపిల్లని తొక్కినట్టు.
ఇంకో అడుగు. కుయ్.
ఆరునెలల నాటి చెప్పులు.
నేను పకపకా నవ్వా.
రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని
నాకేసి చూసింది, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు.

వాళ్లమ్మ వంటింట్లోంచి మామూలుగా పిలిచింది.
వెళ్లిపోయింది.

ఇప్పుడు షిఫ్టులో, మిషను ఆడుతుండగా,
రిజ్వానా అని మెల్లగా అని చూసుకుంటా.
నాకే వినపడదు.
అయినా రోజూ కొంచెం తగ్గిస్తున్నా.