సగం బిళ్ళ

రాత్రి రెండుంపావు.
ట్రియెస్తే మీద బోరా గాలి
ఇనుప షట్టర్లను పట్టుకుని ఊపుతోంది.
రాత్రి డ్యూటీ మందుల షాపులో
చిన్న కిటికీ వెనక నేను,
చల్లారిన కాఫీ, సగం నింపిన పదకేళి.

గంట మోగింది.
లోయ్‌జే.
ఓడరేవులో ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపిన చేతులు
కోటు లోపల దేన్నో పొదువుకుని ఉన్నాయి.
గుండీల సందున రెండు చెవులు.

దాని పేరు రీబా.
వాళ్ళ స్లోవీన్ మాటలో చేప అని.
పిల్లికి చేప అని పేరు పెట్టిన మనిషి
నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.
మా వీధి వీధంతా ఆయన్ని
పిల్లికి బిచ్చం పెట్టనివాడంటుంది.

"ఒకటే గోక్కుంటోంది నివెస్, మెడంతా పుండు.
నా బిళ్ళలో సగం విరిచి పెట్టాను.
ఇంకో డబ్బా ఇవ్వు, అయిపోయాయి."

ఏ బిళ్ళ?
జేబులోంచి నలిగిన అట్టముక్క తీశాడు.
చలికాలమంతా నా చేత్తోనే అమ్మిన డబ్బా.
తుమ్ములకు ఒక మందు,
ముక్కు దిబ్బడకు ఇంకొకటి,
రెండూ కలిపి ఒకే బిళ్ళ.
మధ్యలో గీత,
విరవడానికి వీలుగా.

ఎప్పుడు పెట్టావు?
"ఒంటిగంటకి. వెన్నలో."

లోయ్‌జే, ఆ రెండో మందు
నీ ముక్కుకి తలుపు తీస్తుంది.
ఇంత చిన్న ఒంట్లో పడితే
గుండెని కుక్కలా తరుముతుంది.
కంటిపాప కన్నంతా పరుచుకుంటుంది,
ఒళ్ళు కాలుతుంది, కాళ్ళు వణుకుతాయి.
ఇవేవీ నేను అనలేదు.
అన్నది ఒక్కటే: లోపలికి రా.

పసిపిల్లల్ని తూచే త్రాసు మీద పడుకోబెట్టాం.
మూడు కిలోల తొమ్మిదివందలు.
ఫోన్లో డాక్టర్ విద్మార్ నిద్ర గొంతు
బరువు వినగానే మేలుకుంది.
ఉప్పునీళ్ళు పట్టొద్దు,
వేలు పెట్టి కక్కించొద్దు,
డబ్బా చేతికిచ్చి వెంటనే పంపించు.

"ఉత్త ఎలర్జీ బిళ్ళ అయితే పర్లేదా?"
నా భుజం మీదుగా లోయ్‌జే అరిచాడు.
దాన్నైనా, అంది ఆమె,
చూసి తూచి నేను చెబితేనే.

టాక్సీ కోసం నిలబడి అడిగాను,
నీకు ఎలర్జీ దేనికి?

"దీనికే."
గడ్డంతో పిల్లిని చూపించాడు.
"బొచ్చు పడదు. ఆరేళ్ళయింది.
రొట్టెలో సగం దానిది, సార్డీన్లలో సగం,
దిండులో సగం కంటే ఎక్కువే.
బిళ్ళ ఒక్కటీ నేనే మింగేదా?"

ఏం చెప్పను.
మెడ దగ్గర బొచ్చు పాయ తీశాను.
మిరియప్పొడిలా నల్లటి నలుసులు.
తడి దూది మీద రాలిస్తే
ఒక్కొక్కటీ చుట్టూ తుప్పు రంగు వదిలింది.
నెత్తురు తాగిన ఈగ పెంట.
ఈగలు, లోయ్‌జే. పిల్లి ఈగలు.
కంటెయినర్లు ఎత్తి ఓడల్లో దించిన మనిషి
ఆ దూది ముక్క వంక
చాలాసేపు చూశాడు.

టాక్సీ వెళ్ళిపోయింది.
డబ్బా మీద పిల్లుల మాట ఎక్కడా లేదు.
ఎవరూ అడగలేదు మరి.
నేనూ అడగలేదు,
డబ్బా వెనక డబ్బా ఇస్తూ,
ఆ నల్లకోటు మీద తెల్లబొచ్చు చూస్తూ.

త్రాసు తుడుస్తుంటే కనబడింది,
గుడ్డ మడతలో, వెన్న జిడ్డుతో,
ఒక పక్క తిన్నగా తెగిన తెల్లముక్క.
ఉమ్మేసిందా! కోటులో ఎక్కడో అంటుకుని
ఇక్కడిదాకా వచ్చిందా!
కాళ్ళు సోలి స్టూలు మీద కూలబడ్డాను.

కాసేపటికి లేచి
పొడి మందులు తూచే చిన్న త్రాసు తెరిచాను.
ఒక పళ్ళెంలో డబ్బాలోంచి తీసి విరిచిన కొత్త సగం,
ఇంకో పళ్ళెంలో అది.

గాలి షట్టర్ని వదిలి మళ్ళీ పట్టుకుంది.
ముల్లు ఊగి ఊగి ఆగింది.

సగానికి కాస్త తక్కువ.

ఫోన్ అందుకున్నాను.